తీరనిర్ణయ శాస్త్రం: బ్రిటన్ ఖండం

అథ తీరనిర్ణయః.

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలని పెద్దలు నియమం పెట్టారు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. విషయం: బ్రిటన్‌లో సముద్రపు ఒడ్డున కాపురానికి ఊరు ఎంచుకోవడం. ప్రయోజనం: ఎంచుకున్నాక ఏడవకుండా ఉండటం. సంబంధం: అద్దె. ఈ మూడూ సులభమే. అధికారి ఎవరన్న దగ్గర కొంచెం విస్తరించాలి.

అధికారులు మూడు తెగలు. మొదటి తెగవారు బర్మింగ్‌హామ్‌లోనో లీడ్స్‌లోనో నలభయ్యేళ్ళు ఉద్యోగం చేసి రిటైరైన దంపతులు. చిన్నప్పుడు వారం రోజులు సెలవులకి వెళ్ళిన ఊళ్ళో కాపురం పెడితే మిగిలిన బతుకంతా ఆ వారంలాగే గడుస్తుందని వీరి నమ్మకం. రెండో తెగవారు లండన్‌లో రెండు గదుల ఫ్లాటు అమ్మేస్తే ఒడ్డున మూడంతస్తుల ఇల్లు వస్తుందని లెక్క కట్టినవారు. వీరిని ఒడ్డు ఊళ్ళవాళ్ళు డి.ఎఫ్.ఎల్. అంటారు, 'డౌన్ ఫ్రమ్ లండన్' అన్నదానికి పొట్టిపేరు. అందులో ఆదరం పాలు తక్కువ. మూడో తెగ మనవాళ్ళు. గుంటూరులోనో వరంగల్లులోనో ఎం.బి.బి.ఎస్. చదివి, విదేశీ డాక్టర్లకి పెట్టే ప్లాబ్ పరీక్ష గట్టెక్కి, ఏ ఆసుపత్రి ట్రస్టు పోస్టు ఇస్తే అక్కడ సూట్‌కేసులతో దిగే డాక్టర్లు. పోర్ట్స్‌మత్, సండర్లాండ్, స్వాన్సీ యూనివర్సిటీలకి ఎమ్మెస్ కోసం వచ్చే పిల్లలు. వీళ్ళు ఊరిని ఎంచుకోరు, ఆఫర్ లెటరే వీళ్ళ తరఫున ఎంచుకుంటుంది. అయినా రెండో ఉద్యోగం నాటికి ఎంచుకునే యోగం పడుతుంది కాబట్టి వీరికీ ఈ శాస్త్రం చదివే అధికారం ఉంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. బ్రిటన్ అంటేనే ద్వీపం కదా, ఎక్కడున్నా ఒడ్డే కదా, దానికో శాస్త్రమా అంటాడు. మాట కొంత నిజమే. ఆ ద్వీపంలో సముద్రానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న చోటు డెర్బీషైర్‌లో కోటన్ ఇన్ ది ఎల్మ్స్ అనే పల్లె దగ్గర ఉందని తేల్చారు. ఆ దూరం సుమారు 113 కిలోమీటర్లు. హైదరాబాదులో బస్సెక్కినవాడు సూర్యాపేట చేరకముందే అయిపోయే దూరం. కానీ ఒడ్డు అందరికీ అందుబాటులో ఉండటమే చిక్కు. ఒక్క బీచి ఉన్నవాడు ఆ బీచికే వెళతాడు. చుట్టూ బీచిలే ఉన్నవాడికి శాస్త్రం కావాలి.

"ఔషధం ప్రథమం, విహారో ద్వితీయః, భాటకం తృతీయం." ముందు మందు, తరవాత షికారు, చివరికి అద్దె. ఒడ్డు చరిత్ర మొత్తం ఈ సూత్రంలో ఉంది.

సముద్రం ఎదురుగా కనపడాలని ఇల్లు కట్టుకోవడం బ్రిటన్‌లో మొదటి నుంచీ ఉన్న ఆచారం కాదు. సముద్రం మీద బతికినవాళ్ళకి దాని ముఖం చూడాలన్న సరదా లేదు. స్కాట్లండ్ తూర్పు తీరంలో పాత జాలరి పల్లెలు చూడండి, చాలా ఇళ్ళు సముద్రం వైపు పక్కగోడ పెట్టుకుని నిలబడ్డాయి. సరదా తెచ్చినవాళ్ళు వైద్యులు. స్కార్‌బరోలో 1620లలో ఒడ్డున ఒక ఊట బయటపడితే ఆ నీళ్ళు తాగడానికి రోగులు బారులు కట్టారు. తరవాత లూయిస్ అనే ఊరి డాక్టరు రిచర్డ్ రసెల్ 1750లో గ్రంథుల వ్యాధుల మీద లాటిన్‌లో ఒక గ్రంథం రాసి, ఊట నీళ్ళెందుకు, సముద్రపు నీళ్ళే పుచ్చుకోండి, వీలైతే అందులో మునగండి అన్నాడు. జనం తాగారు. ఉప్పునీళ్ళు తాగి బాగుపడ్డామని చెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. పుచ్చుకోవడానికి పక్కనున్న బ్రైటన్‌కి వెళ్ళారు, వెళ్ళినవాళ్ళకి గదులు కావలసి వచ్చాయి, గదులకి అద్దె పుట్టింది.

1783లో యువరాజు జార్జ్ బ్రైటన్ వచ్చాడు. ఆయనకి ఊరు నచ్చింది, ఖర్చు పెట్టడం అంతకన్నా నచ్చింది. 1815 నుంచి జాన్ నాష్ చేత తన బంగళాని బయట హిందుస్తాన్, లోపల చైనా అయ్యేలా తిరగ కట్టించాడు. ఉల్లిపాయ గుమ్మటాల ఆ రాయల్ పెవిలియన్ ఇప్పటికీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ భారతీయ సిపాయిలకి అదే ఆసుపత్రి అయింది. అక్కడ చనిపోయిన హిందువులను, సిక్కులను ఊరి వెనక గుట్టల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో పాలరాతి ఛత్రీ కట్టారు. బ్రైటన్‌లో ఇల్లు వెతకడానికి వెళ్ళిన తెలుగువాడు ఒక పూట కేటాయించి ఆ గుట్ట ఎక్కి రావాలి.

ఆ జార్జే రాజయ్యాక ఆయన ఒంటికి మాలిష్ చేసే పదవి మనవాడికి దక్కింది. పాట్నాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ పెట్టి, రెండేళ్ళకే దివాలా తీసిన షేక్ దీన్ మహమ్మద్ ఆ తరవాత బ్రైటన్ చేరాడు. ఆవిరి స్నానం, తలంటు, మర్దన కలిపి పెద్దింటివాళ్ళకి అలవాటు చేసి, ఇద్దరు రాజులకి 'షాంపూయింగ్ సర్జన్' అనిపించుకున్నాడు. లండన్‌లో వ్యాపారం గిట్టక ఒడ్డుకి దిగి బాగుపడ్డవాడు కనుక ఈ శాస్త్రం ఆయన్ని ఆది డి.ఎఫ్.ఎల్.గా గుర్తిస్తున్నది. రెండో తెగకీ మూడో తెగకీ ఉమ్మడి మూలపురుషుడు.

1841లో లండన్ నుంచి బ్రైటన్‌కి రైలు వచ్చింది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం, 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చాయి. రాజుల మందు కూలీల షికారు అయింది. నేతమిల్లుల ఊళ్ళకి ఊళ్ళే వారం పాటు మిల్లు మూసి బ్లాక్‌పూల్‌కి తరలిపోయేవి. ఆ జనం కోసం ఒడ్డు వెంట నాలుగైదు అంతస్తుల బోర్డింగు ఇళ్ళు లేచాయి. ఆ తరవాత విమానాలు చవకై జనం ఎండ కోసం స్పెయిన్ పోయారు, ఇళ్ళు మాత్రం ఇక్కడే మిగిలాయి. వాటిని గదులు గదులుగా చీల్చి అద్దెకిచ్చారు. ఇది గుర్తుంచుకోవాలి. ఒడ్డున తెల్లగా, ఎత్తుగా కనిపించే వరసని చూసి ఊరి స్థితి అంచనా వేసేవాడు పెళ్ళికూతురి పట్టుచీర చూసి వియ్యంకుడి ఆస్తి లెక్క కట్టేవాడు.

"కాదాచిత్కః సముద్రః." సముద్రం అప్పుడప్పుడే ఉంటుంది.

ఈ సూత్రం విశాఖపట్నం వాళ్ళకి అర్థం కాదు. అక్కడ ఆటుకీ పోటుకీ నీటి ఎత్తులో తేడా మనిషి ఎత్తుకి అటూఇటూగా ఉంటుంది. ఎప్పుడు వెళ్ళినా రామకృష్ణా బీచిలో సముద్రం ఇంట్లోనే ఉంటుంది. బ్రిస్టల్ ఛానెల్ సంగతి వేరు. అక్కడి ఆటుపోటుల తేడా ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి, పెద్ద పోటు రోజుల్లో 14 మీటర్ల దాకా పోతుంది. నాలుగంతస్తుల మేడ అనుకోండి. ఆ తీరాన ఉన్న వెస్టన్-సూపర్-మేర్‌లో 'సముద్రం కనిపించే ఇల్లు' అని ప్రకటన చూసి ఆటు వేళ వెళితే మైలు పొడుగున బురద కనిపిస్తుంది. ప్రకటన అబద్ధం కాదు. సముద్రం బయటికి వెళ్ళింది, సాయంత్రానికి వస్తుంది. సౌత్‌పోర్ట్ గురించి అక్కడివాళ్ళే వేళాకోళం చేస్తారు, తమ ఊరి సముద్రాన్ని చూశామని చెప్పేవాళ్ళని నమ్మొద్దని.

మోర్కామ్ ఉపసాగరంలో ఆటు వేళ ఇసుక మీదుగా నడిచి అవతలి ఒడ్డుకి పోవచ్చు. కానీ కాళ్ళు దిగబడే ఊబులున్నాయి, పోటు వెనక నుంచి చుట్టేస్తుంది, ఏటా ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని దారి చూపేవాణ్ణి రాజే నియమిస్తాడు. ఈ పదవి పదహారో శతాబ్దం నుంచీ ఉంది. జీతం ఏడాదికి పదిహేను పౌండ్లు, ఉండటానికి ఒక ఇల్లు. ఒడ్డున అద్దె లేని ఇల్లు కావాలంటే ఈ శాస్త్రానికి తెలిసిన రాచమార్గం అదొక్కటే. ఖాళీ మాత్రం ఎప్పుడో గాని రాదు.

నేల సంగతి త్వరగా తేల్చేద్దాం. బ్రైటన్‌లో గులకరాళ్ళు, బోర్న్‌మత్‌లో ఇసుక, వెస్టన్‌లో ఇసుక కింద బురద. రాళ్ళ మీద కూర్చుంటే నడుం నొప్పి, ఇసుక మీద కూర్చుంటే పులిహోరలో ఇసుక. రాళ్ళ పక్షమే నాది. ఒకటి రెండు తెచ్చుకుని షోకేసులో పెట్టుకుందామనుకుంటే 1949 నాటి తీర రక్షణ చట్టం ఒప్పుకోదు.

"దక్షిణే మూల్యం, ఈశాన్యే నీహారః." దక్షిణాన ధర, ఈశాన్యాన పొగమంచు.

మన వాస్తు నీరు ఈశాన్యంలో ఉండాలంటుంది, దక్షిణాన ఉంటే కీడంటుంది. ఈ లెక్కన బ్రైటన్, వర్దింగ్, ఈస్ట్‌బోర్న్, బోర్న్‌మత్ అన్నీ ఒక్క వాక్యంతో కొట్టుకుపోతాయి. వాటి సముద్రం దక్షిణానే. వాస్తు మెచ్చే ఊళ్ళు స్కార్‌బరో, విట్‌బీ, క్రోమర్. అక్కడి ఇళ్ళ ఏజెంట్ల మతం సరిగ్గా దీనికి తలకిందులు. దక్షిణం వైపు తిరిగిన తోట ఉంటే ధర పెంచుతారు, ఉత్తరం వైపు తిరిగిన గది ఉంటే మాట మారుస్తారు. ఇద్దరి దగ్గరా కారణం ఉంది. మనవాళ్ళు నడినెత్తి సూర్యుడి నుంచి దాక్కోవడానికి ఇల్లు కట్టారు. వాళ్ళు దక్షిణపు అంచున వాలుగా పోయే సూర్యుణ్ణి కిటికీలోంచి ఎలాగైనా లోపలికి లాగడానికి కట్టారు. ఈస్ట్‌బోర్న్‌లో 1911 జులైలో 383.9 గంటలు ఎండ కాసింది. ఒక్క నెలలో అంత ఎండ బ్రిటన్‌లో మరెక్కడా నమోదు కాలేదని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. వందేళ్ళ కిందటి ఎండని ఇంకా తలుచుకుంటున్నారంటే తరవాత ఎంత కాసిందో మీరే ఊహించుకోండి.

ఈశాన్యపు ఊళ్ళకి ఇంకో సుగుణం ఉంది. వెచ్చటి గాలి చల్లటి ఉత్తర సముద్రం మీదుగా వచ్చినప్పుడు పొగమంచు పుట్టి ఒడ్డుకి కొట్టుకొస్తుంది. స్కాట్లండ్‌లో హార్ అంటారు, ఇంగ్లండ్ ఈశాన్యంలో ఫ్రెట్ అంటారు. పది కిలోమీటర్ల లోపల జనం చొక్కాలు విప్పి తిరుగుతుంటే ఒడ్డున మే నెలలో స్వెట్టరు. ఇక అపవాదం, అంటే నియమానికి లొంగనిది, ఒకటి చెప్పాలి. నార్ఫోక్‌లో హన్‌స్టంటన్ అనే ఊరు తూర్పు తీరాన ఉండీ పడమర వైపు తిరిగి ఉంది. వాష్ అనే ఉపసాగరం అక్కడ నేలని లోపలికి కొరికేయడమే కారణం. తూర్పు ఒడ్డున కూర్చుని సముద్రంలో సూర్యాస్తమయం చూడాలంటే అక్కడికే పోవాలి. వాస్తు పండితులు ఆ ఊరిని గురించి ఏమంటారో విందామని నా కోరిక.

దక్షిణపు ఒడ్డున టార్కీ వాళ్ళు తమది ఇంగ్లీషు రివియేరా అంటారు, సాక్ష్యంగా తాటిచెట్లు చూపిస్తారు. అవి తాటిచెట్లు కావు. న్యూజిలాండ్ నుంచి తెచ్చిన కార్డిలైన్ మొక్కలు. ఈ సాక్ష్యం కోర్టులో నిలవదు గాని చలికాలంలో చూడటానికి ధైర్యంగా ఉంటుంది.

"పక్షిభ్యో భయం." ఒడ్డున కాపురం అంటే హెర్రింగ్ గల్‌తో కాపురం. సెలవులకి వచ్చినవాడికి ఆ అరుపు సంగీతం. కాపురం ఉన్నవాడికి తెల్లవారుజామున నాలుగింటికి, జూన్‌లో అయితే అప్పటికే తెల్లారిపోయి ఉంటుంది, పొగగొట్టం మీద నుంచి వినిపించే అదే అరుపు మరో రకంగా ఉంటుంది. తరిమేద్దామంటే 1981 నాటి వన్యప్రాణుల చట్టం అడ్డం. గూడు కదపకూడదు, గుడ్డు ముట్టకూడదు. పైగా వాటి సంఖ్య తగ్గిపోతోందని పక్షుల ఎర్ర జాబితాలో చేర్చారు. వాటి ముక్కున చిప్స్ పొట్లం పోయినవాడికి ఇది నమ్మశక్యం కాదు.

ఈ విషయంలో నవ్య శాస్త్రజ్ఞుల పరిశోధన ఒకటి ప్రమాణంగా తీసుకోవలసినది. ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు కార్న్‌వాల్ ఒడ్డు ఊళ్ళలో చిప్స్ పొట్లం నేల మీద పెట్టి, పక్షి కళ్ళలోకి చూస్తే ఏమవుతుంది, ముఖం తిప్పుకుంటే ఏమవుతుంది అని కొలిచి 2019లో ప్రకటించారు. 74 పక్షులతో ప్రయత్నిస్తే 27 మాత్రమే అసలు దగ్గరికి వచ్చాయి. తేరిపార చూస్తున్నప్పుడు అవి సగటున 21 సెకన్లు ఎక్కువ తటపటాయించాయి. దృష్టికి శక్తి ఉందని మన అమ్మమ్మలు ఉప్పూ మిరపకాయలూ తిప్పేసినప్పుడు నవ్విన నవ్యులు ఈ ఫలితాన్ని చదువుకోవాలి. ఇక సామాన్యుడు గ్రహించాల్సింది: తినడానికి 21 సెకన్లు దొరుకుతాయి.

జంతుకాండలో మేకలు కూడా వస్తాయి. వేల్స్‌లో లాండడ్నో పక్కన గ్రేట్ ఓర్మ్ అనే కొండ మీద కాశ్మీరీ మేకల మంద ఉంది. విక్టోరియా రాణి కాలపు మంద సంతతి. 2020లో లాక్‌డౌన్ పెట్టి జనం ఇళ్ళలో కూర్చోగానే అవి కొండ దిగి వీధులు తిరిగి, తోటల్లో పాదులు మేసి, ప్రపంచమంతా పేపర్లకెక్కాయి. వీసా గొడవ లేకుండా అన్ని తరాలుగా ఒడ్డున స్థిరపడ్డ మన ఉపఖండపు జీవులు అవే.

ఇక పియర్. పడవలు బురదలో ఆగకుండా జనం దిగడానికి సముద్రంలోకి కట్టిన వంతెన అది, తరవాత ఊరికే నడవడానికి పనికొచ్చింది. సౌత్‌ఎండ్‌ది ప్రపంచంలోకెల్లా పొడుగైన విహారపు పియర్, 2 కిలోమీటర్లు దాటుతుంది, చివరికి చేరడానికి దాని మీదే చిన్న రైలు నడుస్తుంది. సముద్రం నడుమ బడబాగ్ని ఉంటుందని మన పురాణాలు చెబితే కట్టుకథ అనుకున్నాం. బ్రిటన్‌లో అది పియర్ మీద ఉంటుంది. సౌత్‌ఎండ్ పియర్ 1959లో, 1976లో, 2005లో తగలబడింది. బ్రైటన్ వెస్ట్ పియర్ 2003లో, వెస్టన్ గ్రాండ్ పియర్ 2008లో, హేస్టింగ్స్‌ది 2010లో, ఈస్ట్‌బోర్న్‌ది 2014లో. చుట్టూ నీళ్ళే ఉండగా ఇన్ని కాలడం ఎలాగని అడగకండి. కొయ్య, గాలి, వేపుడు నూనె ఒక్కచోట ఉన్నాయి. అసలు చూడాల్సింది కాలిన తరవాత సంగతి. వెస్టన్ రెండేళ్ళలో తిరిగి కట్టుకుంది. హేస్టింగ్స్ కట్టిన కొత్త పియర్‌కి 2017లో భవన నిర్మాణ కళకిచ్చే స్టిర్లింగ్ బహుమతి వచ్చింది. బ్రైటన్ ఇనుప అస్థిపంజరాన్ని అలాగే వదిలేసి పోస్టుకార్డులు అమ్ముకుంటోంది. ఊరి స్వభావం దాని పియర్ కాలినప్పుడు తెలుస్తుందని, జాతకం కన్నా ఇదే నిక్కచ్చి అని ఈ శాస్త్రం మతం.

"అర్ధవృత్తం నగరం." ఒడ్డు ఊరు సగం వృత్తం. ఇంతవరకూ చెప్పినదంతా వినోదం, శాస్త్రమంతా ఈ సూత్రం మీదే నిలబడింది.

లోపలి ఊరికి నాలుగు దిక్కుల నుంచీ మనుషులు వస్తారు. సంతకి, ఆసుపత్రికి, సినిమాకి, పనికి. ఒడ్డు ఊరికి ఒక పక్కంతా చేపలు. చేపలు బట్టలు కొనవు, బస్సు ఎక్కవు, ఆఫీసు తెరవవు. రైలు అక్కడికి వచ్చి ఆగిపోతుంది గాని అక్కడి మీదుగా ఇంకెక్కడికీ పోదు. అందుకే 1960లలో నష్టాల పేరుతో రైలు మార్గాలు కోసినప్పుడు ఒడ్డు కొమ్మలు చాలా రాలాయి. మన అపవాదపు ఊరు హన్‌స్టంటన్‌కి 1969లో రైలు పోయింది. ఇల్‌ఫ్రాకూమ్‌కి 1970లో పోయింది. సూర్యాస్తమయం చూడాలంటే కారుండాలి.

ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ 2021లో తన వార్షిక నివేదిక మొత్తం ఒడ్డు ఊళ్ళ ఆరోగ్యం మీదే రాశాడు. ముసలివాళ్ళు ఎక్కువ, జబ్బులు ఎక్కువ, పెద్ద డాక్టర్లు మాత్రం రోగుల లెక్కకి 15 శాతం తక్కువ. రసెల్ డాక్టరు రోగులని ఒడ్డుకి పంపి రెండు వందల డెబ్భై ఏళ్ళయింది. రోగులు చేరారు. డాక్టర్లే ఇంకా రావాలి. మన మూడో తెగకి ఆఫర్ లెటర్లు ఎక్కడి నుంచి వస్తాయో ఇప్పుడు బోధపడి ఉంటుంది.

ఈ సూత్రానికి దృష్టాంతం రెండు గుడిసెలు. బోర్న్‌మత్ దగ్గర మడ్‌ఫర్డ్ ఇసుకతిన్నె మీద కొయ్య బీచి గుడిసెలున్నాయి. ఏడాది పొడుగునా ఉండటానికి వీల్లేదు, గొట్టంలో నీళ్ళు రావు. మూడు లక్షల పౌండ్లు దాటి అమ్ముడయ్యాయి. ఎసెక్స్‌లో క్లాక్టన్ పక్కన జేవిక్ ఉంది. లండన్ కార్మికుల సెలవుల కోసం 1930లలో చిన్నచిన్న కొయ్య ఇళ్ళు వేశారు. యుద్ధం తరవాత ఇళ్ళు దొరకనివాళ్ళు వాటిలోనే కాపురం పెట్టేశారు. 2010, 2015, 2019 మూడు లెక్కల్లోనూ ఇంగ్లండ్‌లో అన్నింటికన్నా వెనకబడిన ప్రాంతంగా తేలింది అదే. సముద్రం ఒకటే, కొయ్య ఒకటే. ఒకటి వెళ్ళి రావడానికి, ఒకటి ఉండిపోవడానికి.

వెళ్ళి వచ్చేవాళ్ళ మాట నమ్మి ఉండిపోయే ఊరు ఎంచుకోకూడదు. స్వరకర్త డెబ్యుస్సీ 1905లో ఈస్ట్‌బోర్న్ హోటల్లో కూర్చుని సముద్రం మీద తన స్వరరచన అచ్చు ప్రతులు దిద్దుకున్నాడు. కవి ఎలియట్ 1921లో మనసు బాగాలేక మార్గేట్ వచ్చి ఒడ్డున జనం వానకి నిలబడే చావడిలో కూర్చుని తన పెద్ద కావ్యంలో కొంత రాశాడు. రెండు ఊళ్ళూ ఇప్పటికీ ఆ పేర్లు చెప్పుకుంటున్నాయి. ఇద్దరూ కొన్ని వారాల్లోనే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిన సంగతి మాత్రం గొంతు తగ్గించి చెబుతాయి.

కొన్నిచోట్ల ఊరే వెళ్ళిపోతుంది. యార్క్‌షైర్‌లో హోల్డర్‌నెస్ తీరం బంకమట్టి గట్టు, ఏడాదికి సగటున రెండు మీటర్ల దాకా సముద్రంలోకి జారుతుంది. అక్కడ 'సముద్రానికి వంద గజాలు' అన్న ప్రకటనలో తేదీ కూడా వేయాలి. వేల్స్‌లో ఫెయిర్‌బోర్న్ అనే ఊరిని 2050ల నాటికి ఖాళీ చేయించాల్సి రావచ్చని ప్రణాళికలో రాసుకున్నారు. ఇల్లు చవగ్గా వస్తోందని సంబరపడేవాళ్ళు ఆ కాగితం ఒకసారి చదవాలి. అందమైన ఊరికి జబ్బు ఇంకో రకం. సెయింట్ ఐవ్స్‌లో సెలవు ఇళ్ళవాళ్ళు చలికాలమంతా తాళం వేసి పోతుంటే ఊరివాళ్ళు విసిగి, 2016లో ఓటు వేసి, కొత్తగా కట్టే ఇళ్ళు ఏడాది పొడుగునా ఉండేవాళ్ళకే అని తీర్మానించుకున్నారు.

అర్ధవృత్త దోషానికి పరిహారం ఉందా? ఉంది. రెండో సగంలో ఓడలుండాలి. రేవు ఉన్న ఊరికి సముద్రం వైపు నుంచి కూడా పని వస్తుంది. పోర్ట్స్‌మత్, ప్లిమత్, ఆబర్డీన్ అలాంటివి. అందుకే నన్ను అడిగితే పోర్ట్స్‌మత్‌లో సౌత్‌సీ అంటాను. లండన్ బయట అంత ఇరుకైన నగరం మరొకటి లేదు, నిజమే. ఆ ఇరుకే దాని బలం. నౌకాదళం, యూనివర్సిటీ, పెద్ద ఆసుపత్రి, లండన్‌కి నేరుగా రైలు ఉన్నాయి కాబట్టి జనవరిలో కూడా ఊరు తెరిచే ఉంటుంది. బీచి రాళ్ళది, నా పక్షమే. 1882లో ఆర్థర్ కానన్ డాయిల్ అనే కుర్ర డాక్టరు అక్కడ ప్రాక్టీసు పెట్టి, మొదట్లో పేషెంట్లు రాక, ఆ ఖాళీలో కథలు రాసుకుంటూ షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించాడు. ఇప్పుడు ఏ ఒడ్డు ఊళ్ళోనూ డాక్టరుకి కథ రాసే తీరిక దొరకదు.

మిగిలిన ఊళ్ళ మీద నా తీర్పులు క్లుప్తంగా. బ్రైటన్: జీతం లండన్‌లో, ఓపిక రైల్లో ఉన్నవాళ్ళకి. బ్లాక్‌పూల్: 158 మీటర్ల టవరూ మూడు పియర్లూ ఉన్నాయి. వేసవి అయిపోయినా జనం పోకుండా 1879 నుంచి దీపాలు వెలిగిస్తున్నారు, దీపాలార్పాక ఊరెలా ఉంటుందో చూసి మాట్లాడండి. ఫ్రింటన్: 2000వ సంవత్సరం దాకా ఒక్క పబ్బు రానివ్వని ఊరు, మా మేనత్తకి సరిపోయేది. విట్‌బీ: డ్రాకులా దిగిన రేవు, చర్చికి 199 మెట్లు, మోకాళ్ళు బాగున్నవాళ్ళకి. స్వాన్సీ: వాన.

ఇక పరీక్షా విధి. "మాఘే భౌమవాసరే." జనవరి చివర్లో, ఒక మంగళవారం నాడు, వాన పడుతుండగా, ఆటు వేళ చూసుకుని ఆ ఊరు వెళ్ళండి. ఆగస్టు ఆదివారం చూసినది చెల్లదు. ముందు వరసలో నడవకండి, మూడో వీధిలో నడవండి. ఎన్ని దుకాణాలు తెరిచి ఉన్నాయో, సాయంత్రం ఆరింటి తరవాత బస్సుందో లేదో చూడండి. కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో అడగండి. దొరికితే చుట్టుపక్కల ఆసుపత్రో యూనివర్సిటీయో ఉన్నట్టు, రెండూ లేకపోతే ఎవరూ తెచ్చి అమ్మరు. నచ్చినా కొనకండి, ఒక చలికాలం అద్దెకి ఉండండి. అద్దె కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంకొక్క పని మిగిలింది, ఆఖరి సూత్రం దాని గురించే: "దంతవైద్యో దుర్లభః." ప్రభుత్వ వైద్య సేవ ఎన్.హెచ్.ఎస్. కింద కొత్త పేషెంట్లని చేర్చుకునే పళ్ళ డాక్టరు ఆ ఊళ్ళో ఉన్నాడా? ఇంటి ఏజెంటుని అడగొద్దు, ఉన్నాడనే అంటాడు. మీరే ఫోన్ చేసి కనుక్కోండి.